పెళ్లిచూపుల్లో దూరిన అప్‌డేట్

ఆ రోజుల్లో కంప్యూటర్ స్విచ్ వేయడం వేరు, కంప్యూటర్ పని మొదలుపెట్టడం వేరు. ఆ రెండింటి మధ్య మా అమ్మ స్టవ్ వెలిగించి, చాయ్ పెట్టి, అందరికీ పోసి, గ్లాసులు కూడా కడిగేసేది. హైదరాబాదు పెరుగుతూ పెరుగుతూ మా ఇబ్రహీంపట్నం దాకా వచ్చి, చెలకల్లో జొన్నకు బదులు ప్లాట్ల రాళ్లు మొలుస్తున్న కాలం అది. మా బాపు మాత్రం బోరు కింద టమాట వేసుకుంటూ, నన్ను ఊరి పక్కనే వెలిసిన ఇంజినీరింగ్ కాలేజీలో చేర్చి, చదువుకు కావాలని నేనంటే నమ్మి ఇంటికి కంప్యూటర్ తెచ్చాడు. దాని మీద నా కోపం ఇవాళ్టికీ చల్లారలేదు. కొన్నది మేము, కరెంటు మాది, కింద బల్ల మాది. లోపల కాపురం పెట్టింది మాత్రం ఎవరెవరో! పాటల ప్రోగ్రాం ఒకటి (పాట ఎవరడిగారు?), గడువు తీరిపోయి రోజూ బతిమాలుకునే యాంటీవైరస్ ఒకటి, ప్రింటర్ బాగోగులు చూసేది ఇంకొకటి (మా ఇంట్లో ప్రింటరే లేదు!). స్విచ్ వేస్తే చాలు, ఎవరూ పిలవకుండానే అన్నీ లేచి కూర్చునేవి.

అలాంటి రోజుల్లో అక్కకు సంబంధం వచ్చింది. అబ్బాయి హయత్‌నగర్ వాళ్ల కొడుకు, దుబాయిలో ఏసీ మెకానిక్. కొన్నేళ్లకు తిరిగొచ్చి ఇక్కడే షాపు పెట్టుకుంటాడట. ఇప్పట్లో రాలేడు కాబట్టి, దుబాయిలో సెలవైన శుక్రవారం నాడు కంప్యూటర్‌లోనే ఒకరినొకరు చూసుకోవాలని పెద్దలు తేల్చారు. అక్క అప్పటికే నాదర్‌గుల్‌లో ఒక స్కూల్లో లెక్కలు చెప్పేది. ఆ ఉద్యోగమంటే దానికి ప్రాణం. "పెండ్లయినంక కొలువు మానమంటడా ఏంది, గది నేనే అడుగుత. మానుమంటె గీ సంబంధమే నాకొద్దు. నడుమల ఎవ్వలు మాట్లాడొద్దు" అని ఇంట్లో అందరికీ ముందే చెప్పేసింది.

ముందురోజు సాయంత్రం బాపు కంప్యూటర్ ముందు కూర్చుని విసుక్కున్నాడు. "ఏందిరా, గింతసేపా? రేపు పిలగాడు గక్కడ కూసొని ఎదురుచూడాల్నా?" స్టార్టప్ ప్రోగ్రాములంటే ఆయనకు ఎలా చెప్పాలో తోచక, "గవి మన బోరుమోటర్ ఆటో స్టార్టర్ల లెక్క బాపూ" అన్నాను. ఆటో స్టార్టర్ అంటే, కరెంటు రాగానే మోటారును దానంతటదే తిప్పే డబ్బా. రైతు చీకట్లో పొలం దాకా పోనక్కర్లేదు. కానీ అందరూ అవే పెట్టుకుంటే కరెంటు వచ్చీరాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేచి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది. అందుకే మా ఊరి రైతులంతా ఆ ట్రాన్స్‌ఫార్మర్ కిందే నిలబడి, ఆటో స్టార్టర్లు పీకేస్తామని ఒట్టు వేసుకున్నారు. (బాపుకు అన్న, మా పెద్దబాపు, అందరికంటే గట్టిగా ఒట్టు వేసి, ఇంటికెళ్లి తన డబ్బాను మాత్రం పీకకుండా గోనెసంచి కప్పి దాచుకున్నాడు.)

బాపు కళ్లు ఎర్రబడ్డాయి. "ఇండ్ల గూడ గవేనా? అన్ని పీకెయ్! ఎవనికి పనిబడితె వాడే వచ్చి చేత్తోని ఏసుకుంటడు." నేను ఆ స్టార్టప్ ప్రోగ్రాముల పట్టిక తెరిచి, ఒక్కదాన్నీ వదలకుండా టిక్కులన్నీ తీసేశాను. మళ్లీ స్విచ్ వేస్తే, అమ్మకు అగ్గిపెట్టె దొరికేలోపే కంప్యూటర్ సిద్ధం! ఆ పూట నా నడకే మారిపోయింది. కానీ అసలు దొంగ ఆ పట్టికలోనే లేడు. అప్‌డేట్ అనేది వేరే ఎక్కడో గోనెసంచి కింద నక్కి ఉంది. అది రోజూ వచ్చి రీస్టార్ట్ చేయమని అడగడం, నేను 'తర్వాత' అని నొక్కి తరిమేయడం మాకు అలవాటే.

శుక్రవారం మధ్యాహ్నం అక్క పట్టుచీర కట్టుకుని కుర్చీలో కూర్చుంది. వెనక అమ్మ, బాపు. పక్కన, ఎవరూ పిలవకుండానే, పెద్దబాపు. తెర మీద అబ్బాయి వచ్చాడు, నవ్వాడు. అక్క గొంతు సవరించుకుని సూటిగా అడిగేసింది. "పెండ్లయినంక నేను కొలువు చేస్త. మీకు సమ్మతమేనా?" అబ్బాయి తల కొంచెం వంచి ఆలోచనలో పడ్డాడు. సరిగ్గా అప్పుడే అప్‌డేట్ పెట్టె వచ్చి అతని ముక్కు మీద కూర్చుంది. "పిలగాని మొఖానికి గదేంది అడ్డం?" అంటూ పెద్దబాపు మౌస్ లాక్కుని, ఏది దొరికితే అది నొక్కాడు. అబ్బాయి మాయమయ్యాడు. నీలం తెర వచ్చి, కంప్యూటర్ ఆపవద్దని మాకే హుకుం జారీ చేసింది.

"ఏమన్నడురా? అవ్ అన్నడా, కాదన్నడా?" అక్క కుర్చీలోంచి లేచి నా భుజం పట్టుకుంది. "అన్ని పీకిన అంటివి గదరా!" అని బాపు నా మీదే లేచాడు. నొక్కిందెవరు? తిట్లెవరికి? పెద్దబాపు పైగా, "గీ కంప్యూటర్ ఇంజినీర్‌ను నమ్ముకుంటె గంతే" అన్నాడు! బాపు స్విచ్ ఆపేయబోతే, ఇప్పుడు ఆపితే మొత్తం పోతుందని అరుస్తూ స్విచ్‌బోర్డుకు చేతులు అడ్డం పెట్టి నిలబడ్డాను. మా ఇంట్లో మా స్విచ్‌ను మాకే అందకుండా కాపలా కాయడం! ఆ అవమానం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అది ఇంకా నడుస్తుండగానే ఇంటి ఫోన్ మోగింది. అక్క తీసి, "ఆ... ఆ... సరే" అని పెట్టేసింది. మా వైపు తిరిగేసరికి కళ్లలో నీళ్లు, మొహమంతా నవ్వు. "కొలువు చేస్కొమ్మన్నడు. 'జర ఆలోచన చేస్తుంటెనే కోపమొచ్చి కట్ చేసినవ్, గింత కోపమా' అంటున్నడు." నేను నోరు తెరిచేలోపే వేలు చూపించింది. "కట్ చేసింది నేనే. ఎవ్వలన్న అప్‌డేట్ గిప్డేట్ అన్నరో, సూడుండ్రి!" ఇంతా అయ్యాక కంప్యూటర్ తిరిగి లేచింది కదా, నేను పీకిన పాటల ప్రోగ్రాం ముందు వరసలో కూర్చుని ఉంది.

అక్క ఇప్పుడు ఆ స్కూలుకే హెడ్‌మిస్ట్రెస్. మొన్న వాళ్లింటికి పోతే బావ అక్క లాప్‌టాప్‌లో క్రికెట్ చూస్తున్నాడు. అదే పెట్టె, కొంచెం సోకు చేసుకుని, మూలన తేలింది. "గిది నొక్కితె ఏమైతదిరా?" అన్నాడు బావ. వంటింటి గడపలో అక్క గరిటెతో సహా ఆగిపోయింది. ఆనాడు కట్ చేసింది అక్క కోపమేనని బావ ఇప్పటికీ నమ్ముతున్నాడు మరి. నా నిర్దోషిత్వం నిరూపించుకునే అవకాశం ఇన్నేళ్లకు చేతికందింది. స్విచ్‌బోర్డు ముందు చేతులు చాచి, కోపంతో ఊగిపోతున్న ఆ బక్క కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

"ఏం గాదు బావా" అని, నేనే 'తర్వాత' నొక్కాను.