పసుపుకారు పడిపోతే

మా బావ కుట్టుమిషన్ల మెకానిక్. చేతికి ఏది చిక్కినా విప్పి చూస్తేగానీ నిద్రపట్టదు. మా అక్క టైలరు. మిషన్ రిపేరు దగ్గరే ఇద్దరికీ మాట కలిసింది. ఆ కథ ఇప్పుడొద్దు, మొదలుపెడితే సాయంత్రమవుతుంది.

పిల్లా జెల్లా లేని ఆ ఇంట్లో బొమ్మకార్ల ట్రాక్ ఒకటి వెలిసింది. ముందుగదిలో కటింగ్ టేబుళ్లు రెండు కలిపి, పైన ప్లైవుడ్ పరిచి, అందులో రెండు గాడులు తవ్వాడు బావ. గాడికి అటూ ఇటూ రాగిరేకు అతికించాడు. కారు అడుగున ఉన్న చిన్న మేకు గాడిలో దిగితే, రాగిలోంచి కరెంటు అందుకుని కారు పరిగెడుతుంది. ఎర్రకారు ఆయనది, పసుపుకారు అక్కది. స్పీడుకి చేతిమీటలు కొనమంటే ఆ మహానుభావుడు వింటేగా? కారుకొకటి చొప్పున కరెంటు కుట్టుమిషన్ పెడల్ తగిలించాడు. తొక్కితే పరుగు, వదిలితే ఆగడం.

మిషన్‌కి అలవాటుపడ్డ కాలు కదా, బయలుదేరేముందు అక్క పెడల్‌ని రెండుసార్లు తట్టేది. ఆ తర్వాత తొక్కుడే తొక్కుడు. మలుపులో కాలు తియ్యమని ఎంత మొత్తుకున్నా చెవికెక్కదు. కారు ఎగిరి గోడకి కొట్టుకునేది. "ఏమండీ, పడింది!" అని అరిచేదే గానీ కుర్చీ దిగేది కాదు. బావ గొణుక్కుంటూ లేచి, తెచ్చి గాడిలో పెట్టేవాడు. వాళ్ల కాపురమంతా అదే.

పోయిన చలికాలం అక్క పోయింది. నాకు కుడిచెయ్యి విరిగినట్టయింది. బావ ఏడవలేదు. ట్రాక్‌కి మెరుగులు దిద్దుతూ కూర్చున్నాడు. అతుకులు నున్నగా రుద్దాడు. రాగిరేకు కొత్తది వేశాడు. మలుపు బయట స్పాంజితో గోడ కట్టాడు. ఆడేది ఒక్కడు, అదీ జన్మలో కారు పడేయని మనిషి. మరి ఆ స్పాంజి ఎందుకో నాకు తట్టలేదు.

ఒకరోజు ఆయనకి క్యారియర్ పట్టుకెళ్లాను. బావ పెరట్లో చేతులు కడుక్కుంటున్నాడు. ముందుగదిలో నేనొక్కదాన్నే. ఉన్నట్టుండి పసుపుకారు రెండుసార్లు ఉలిక్కిపడి, దూసుకుపోయి, మలుపులో ఎగిరి స్పాంజిలో పడింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"బావా! ఏంటిది బావా!"

"కంగారుపడకు మరదలా." బావ వచ్చి కారు తీసి గాడిలో పెట్టాడు. "మీ అక్క పెడల్లో కరెంటు పంపే బొగ్గుబిళ్లలు చెమ్మకి పాడయ్యాయి. తొక్కకపోయినా కరెంటు లీకవుతోంది, అంతే."

"మరి బాగుచెయ్యొచ్చుగా! ఊళ్లో మిషన్లన్నీ బాగుచేస్తావు."

"చేస్తాలే."

చెయ్యలేదు. అంతలో ఆయనకి హెర్నియా ముదిరింది. వెంటనే ఆపరేషన్ చెయ్యకపోతే ప్రాణానికే ముప్పన్నాడు డాక్టరు. బావ రేపంటాడు, ఎల్లుండంటాడు. నొప్పికి వంగిపోతూ కూడా ట్రాక్ వదిలి కదలడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈయన్నీ పోగొట్టుకుని నేనింకెవరితో పోట్లాడను?

ఆ మధ్యాహ్నం స్క్రూడ్రైవర్ పట్టుకుని అక్క కుర్చీ దగ్గర నేలమీద చతికిలబడ్డాను.

"ఆ బిళ్లలు నేనే పీకి పారేస్తా. అప్పుడైనా ఆసుపత్రికి కదులుతావు."

"వద్దు. విప్పకు," అన్నాడు బావ.

విప్పాను. లోపల బిళ్లలే లేవు. వైరు కొసలు రెండూ విడివిడిగా టేపు చుట్టి ఉన్నాయి.

"తను పోయిన మర్నాడే తీసేశాను. ఇంకెవరూ తొక్కకూడదని," అన్నాడు మెల్లగా. "నువ్వు జడుసుకుంటావని అలా చెప్పాను."

నా తలపైన, టేబుల్ మీద, టక్, టక్. వెంటనే చక్రాల రొద. ఖాళీ పెడల్ నా ఒళ్లోనే ఉంది. స్పాంజిలో కారు మెత్తగా పడ్డ చప్పుడు వినిపించింది. బావ గోడ పట్టుకుని లేవబోయి, నొప్పికి కూలబడ్డాడు.

"నేను ఆసుపత్రిలో ఉంటే, పడిపోయినప్పుడు ఎవరు పెడతారు? తను కుర్చీ దిగదు కదా!"

ఒళ్లోని పెడల్ పక్కన పెట్టాను. లేచాను. పసుపుకారు చేతిలోకి తీసుకున్నాను. మోటారు వెచ్చగా ఉంది.

"నీకేమైనా బుద్ధుందా అక్కా? మలుపులో కాలు తియ్యవే!" అని తిట్టి, గాడిలో పెట్టాను. "నువ్వు బయల్దేరు బావా. పడితే నేను పెడతా."

అప్పుడేడ్చాడు బావ, చిన్నపిల్లాడిలా.

పక్కింటాయన ఆటో తెచ్చి, తానూ తోడెళ్తానన్నాడు. బావ చెప్పులు వేసుకుని, గడప దాటి, ఆటో ఎక్కేదాకా కారు కదల్లేదు. నేను తలుపు దగ్గరకి వేసి, స్పాంజి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఎదురుగా అక్క కుర్చీ ఖాళీగా ఉంది.

టక్, టక్.