మిరప చేలో వాచీ

నా ఎడమచేతికి మగవాళ్ల వాచీ ఉంటుంది. తెల్లటి డయలు, నల్లటి అంకెలు, రబ్బరు పట్టీ. పెళ్లికి వెళ్లినా తియ్యను. పట్టుచీర మీదకి అదేమిటని మా ఆడపడుచు ఇప్పటికీ మూతి తిప్పుతుంది. తిప్పుకోనీ. ఆ వాచీ నేను అందం కోసం కొనలేదు. ఐదు ఎప్పుడవుతుందో తెలుసుకోవడానికి కొన్నాను.

ఆ మాత్రం తెలియదా అని పట్నం వాళ్లకు అనిపించవచ్చు. మిరపకాయలు కోసేవాళ్లకు అనిపించదు. డిగ్రీ మధ్యలో ఆపేసి పెళ్లి చేసుకుని ఈ ఊరొచ్చిన నేను, కోతలకు వెళ్లే ఆడవాళ్ల ముఠాకు మేస్త్రినయ్యాను. కోతకు దిగితే చేతులు మండిపోతాయి. ఆ చేతులతో ఫోను పట్టుకుని చెవి దగ్గర పెట్టుకుంటే ఇక ఆ రోజంతా చెంపా కన్నూ భగభగలే. అందుకని మా ఫోన్లన్నీ అన్నం క్యారేజీలతో పాటు గట్టు మీద ఆటోలో ఉండిపోతాయి. చేలో టైమంటూ ఉంటే అది రైతు జేబులోనే.

మేం ఎక్కువగా వెళ్లేది ఒక పెద్ద రైతు చేలోకి. ఊరి వరసన మామయ్యా అని పిలుస్తాను. మనిషి చెడ్డవాడు కాదు. ఎండ ముదిరితే మజ్జిగ పంపిస్తాడు, కూలి ఏ రోజుకారోజు చేతిలో పెడతాడు. టైము దగ్గరే ఆయనకు చెయ్యి రాదు. ఐదయిందా మామయ్యా అని అడిగితే, జేబు తడిమి కూడా చూడకుండా, "ఇంకా పావుగంట ఉందమ్మాయ్. ఆ రెండు సాళ్లూ లాగించేయండి," అంటాడు. ఆ రెండూ అయ్యాక ఇంకో రెండు సాళ్లుంటాయి. అప్పుడూ పావుగంటే ఉంటుంది.

మా వీధి కుళాయికి నీళ్లు సాయంత్రం ఆరింటికి వస్తాయి, అరగంటకల్లా ఆగిపోతాయి. మేం ఆటో దిగేసరికి కుళాయి ఎండిపోయి ఉంటే ఒళ్లు కడుక్కోవడానికి ఎవరి గుమ్మం ముందో బిందె పట్టుకుని నిలబడాలి. మిరప ఘాటు ఒంటి మీద అలాగే ఉంచుకుని పడుకున్నవాళ్లకు తెలుస్తుంది, పావుగంటంటే ఎంతో.

అందుకే ముందొక వాచీ కొన్నాను, తిరనాళ్లలో. చూడటానికి తళతళలాడింది. నాలుగు రోజులు చెమట తగిలేసరికి అద్దం లోపల ఆవిరి పట్టింది. ఒక సాయంత్రం ఐదయిందని నేను లేచి నిలబడ్డాను. మామయ్య నవ్వుకుంటూ వచ్చాడు. ఎన్నడూ బయటికి రాని ఫోను ఆ రోజు వచ్చింది. దాన్ని నా మణికట్టు పక్కన పెట్టి అందరికీ చూపించాడు. నా వాచీ పది నిమిషాలు ముందుంది.

"నీకంటే నీ గడియారానికే తొందరెక్కువలా ఉందే," అన్నాడు.

ఆడవాళ్లు కూడా నవ్వారు. నవ్వి మళ్లీ వంగారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన చెప్పిన పావుగంటలు ఎన్ని అబద్ధాలైనా ఎవరూ లెక్క అడగలేదు, నా పది నిమిషాలకు మాత్రం పంచాయితీ జరిగింది. ఆ వాచీని ఇంటికెళ్లి పెంటకుప్ప మీద పారేశాను. ఈసారి కొంటే ఆయన ఫోను పక్కన పెట్టినా తలెత్తుకుని నిలబడేదే కొనాలనుకున్నాను.

ఆ వారమే గుంటూరు వెళ్లాను. అద్దాల తలుపుల వాచీల షాపు, లోపల చల్లగా ఉంది. కౌంటరు దగ్గరున్నతను నన్ను చూడగానే, "లేడీస్ ఇటు మేడం," అని చొక్కా బొత్తామంత డయల్స్ తీసి పరిచాడు. వాటి మీద అంకెలే లేవు. రాళ్లున్నాయి.

"చేతికి గాజులా ఉంటుంది మేడం," అన్నాడు.

"గాజులున్నాయి. నాకు వాచీ కావాలి," అన్నాను.

మగవాళ్ల వైపు నుంచి ఒకటి తీయించి, వెనక మూత తెరిచి చూపించమన్నాను. అతను నన్ను వింతగా చూశాడు. అలా తెరవకూడదట, వారంటీ పోతుందట.

నాకు ఒళ్లు మండింది. "మేమూ అరెకరం కౌలుకు చేస్తాం బాబూ. మీ ఊరి మిర్చి యార్డుకే కాయలు తెస్తాం. కాయ విరిచి లోపల చూడకుండా ఒక్క బస్తా అయినా కొంటారా మీ వాళ్లు? మేం అమ్మేటప్పుడు విరిచి చూస్తారు. కొనేటప్పుడు మేం పైమెరుపు చూసి కొనాలా?"

అతను మేనేజరు వైపు చూశాడు. మేనేజరు ఏసీ వైపు చూశాడు. పైగా కాస్త గట్టిగా కనిపించిన వాటి ధరలు మా ముఠా అంతా కలిసి కోసినా అందేట్టు లేవు. బయటికొచ్చి చెరకు రసం తాగి బస్సెక్కాను.

దొరికింది అద్దంకిలో. మా చెల్లెలింటికి వెళ్లి తిరిగొస్తూ, బస్సుకు టైముందని బజారులో నడుస్తుంటే వాచీలు బాగుచేసే చిన్న కొట్టు కనపడింది. లోపలున్న సాయిబు గారికి మా నాన్న వయసుంటుంది. మూత తెరిచి చూపిస్తేనే కొంటానని ముందే చెప్పాను. ఆయన ఎందుకని కూడా అడగలేదు. సొరుగు అడుగు నుంచి ఒకటి తీశాడు.

"మంచి సరుకు తల్లీ. మెరుపు లేదని ఎవరూ తీసుకోవట్లా," అన్నాడు.

వెనక మూత తిప్పి తీశాడు. అంచు చుట్టూ రబ్బరు రింగు పగుళ్లు లేకుండా ఉంది. లోపల పళ్ల చక్రాలన్నీ లోహమే, ప్లాస్టిక్ ముక్క కనపడలేదు. కొత్త సెల్లు వేసి, మూత బిగించాడు. చాలదన్నాను. నీళ్లలో వెయ్యమన్నాను.

"వేస్తా. తేడా వస్తే నా తలనొప్పేగా," అని నవ్వి, గ్లాసు కడిగి నీళ్లు పోసి అందులో వేశాడు. రెండు టీలు చెప్పాడు. నీళ్లలోనే ముల్లు తిరుగుతూ ఉంది, మేం మిరప రేటు గురించి మాట్లాడుకుంటూ టీ తాగాం. తీసి తుడిస్తే అద్దం లోపల చెమ్మ లేదు. ధర దగ్గర కాసేపు గీచిగీచి బేరమాడాను. చివరికి వారం కూలికి కాస్త తక్కువలో ఇచ్చాడు. ఆ రాళ్ల గాజుల ధరలో సగం కూడా కాదు. ఇంటికొచ్చి కొన్నాళ్లు ఫోను పక్కనే పెట్టి చూశాను. ఒక్క నిమిషం కూడా అటూ ఇటూ కాలేదు.

మళ్లీ అదే చేలో, ఒక సాయంత్రం, ఐదయిందని లేచాను.

"ఇంకా పావుగంట ఉందమ్మాయ్."

"ఫోను తీయండి మామయ్యా."

"ఎందుకూ?"

"ఆ రోజు తీశారుగా. ఇవాళా తీయండి."

అందరూ కోత ఆపి చూస్తున్నారు. తీయక తప్పలేదు. రెండూ ఐదే చూపించాయి. ఆయన ఫోను మళ్లీ జేబులో వేసుకున్నాడు.

"అయితే ఏంటిప్పుడు? రెండు సాళ్లేగా," అన్నాడు.

"సాళ్లు రేపటికీ ఉంటాయి. కుళాయి నీళ్లు ఉండవు," అని ఒడి విప్పి కాయలు గోతాంలో పోశాను. నా వెనక ఒక్కొక్కరే విప్పారు. ఆ రోజు మా వీధిలో బిందెలన్నీ నిండాయి.

తర్వాత కొన్నాళ్లు ఆయన మమ్మల్ని పిలవలేదు. ఆ వాచీ మేస్త్రిని పిలవొద్దని పక్క రైతులకు కూడా చెప్పాడని విన్నాను. కానీ కాయ పండాక ఎవరి అలకా చూడదు. ఒక పొద్దున మా వాకిట్లోకి వచ్చాడు.

"రేపు రండి. ఆ వాచీ మాత్రం ఇంట్లో పెట్టి రా," అన్నాడు.

"మీ ఫోనూ ఇంట్లో పెట్టి రండి మామయ్యా," అన్నాను.

వాచీతోనే వెళ్లాం.

మా ముఠాలో అందరికంటే పెద్దావిడ ఒకామె ఉంది. పెద్దమ్మా అంటాను. బడి మొహం చూడలేదు. ఎప్పుడూ నా పక్క సాలులోనే కోస్తుంది, ఊరికే నా చెయ్యి గుంజి డయలు చూస్తుంది. టైము చూడటం నేర్పుతానంటే, "అదంతా నాకెందుకే. ఇంటికి పోయే టైము ఒక్కటి చూపించు," అంది. పెద్దముల్లు నెత్తి మీద నిటారుగా, చిన్నముల్లు కిందికి, కాస్త కుడిచేతి వైపు. వేలితో మట్టిలో గీసి చూపించాను. అదే గీత తను మళ్లీ గీసింది.

మొన్న కోతల్లో నాకు జ్వరమొచ్చి పడుకున్నాను. పొద్దున్నే పెద్దమ్మ వచ్చి నుదురు ముట్టుకుని, "నువ్వు పడుకో. వాచీ ఇటియ్యి," అంది. తన గాజులు పైకి లాగి చివరి రంధ్రంలో పట్టీ బిగించుకుని వెళ్లిపోయింది. పగలంతా నాకు జ్వరం కంటే అదే బెంగ. ఆమెను మాటల్లో పెట్టి మామయ్య ఎన్ని సాళ్లు కోయిస్తాడో అనుకున్నాను. సాయంత్రం ఆటో చప్పుడు వినపడింది. ఆ వెనకే కుళాయి దగ్గర బిందెల చప్పుడు.

పెద్దమ్మ స్నానం చేసి తడి జుట్టుతో వచ్చి నా మంచం మీద కూర్చుంది.

"నేను లేచా. 'ఏమ్మా, నీకు టైము చూడ్డం కూడా వచ్చా?' అన్నాడు మీ మామయ్య."

"నువ్వేమన్నావు?"

"నాకొచ్చింది ఒక్క టైమే, అది అయిందన్నా."

నేను చెయ్యి చాపాను. ఆమె వాచీ విప్పలేదు. నా నుదురు మళ్లీ ముట్టుకుని చూసింది.

"రేపటికి నీకు తగ్గేట్టు లేదులే," అంది.