ఎవరిదీ కలవని బొట్టు

తెల్లవారకముందే లేచి గాజు గ్లాసులో మందు కరిగించడం మూడేళ్లపాటు సాయవ్వకు పొద్దుటి మొదటి పని. తెల్లటి గోళీ నీళ్లలో వేసి కట్టెపుల్లతో తిప్పేది. స్టీలు చెంచా పెట్టొద్దని దవాఖానాలో చెప్పారు. కరిగాక కొడుకు సిద్దార్థను లేపి తాగించేది. తాగాక అరగంట వరకు వాడు ఏమీ తినకూడదు. రొట్టె వాసన తగిలితే ఆగలేడని ఆమె పొయ్యి కూడా ముట్టించేది కాదు. ఆ అరగంట తల్లీకొడుకులు వాకిట్లో గద్దె మీద కూర్చునేవారు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయే మొదటి బస్సు ఊరి మలుపులో హారన్ కొట్టేదాకా వాడు ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు.

2013 జనవరిలో మూడు రోజుల జ్వరం వాణ్ని తీసుకుపోయింది. అప్పటికి వాడికి పదేళ్లు. ఇప్పుడు గోళీ లేదు, గ్లాసు గూట్లో బోర్లించి ఉంది. సాయవ్వకు మాత్రం అదే వేళకు మెలకువ వస్తుంది. లేచి గద్దె మీద కూర్చుంటుంది. బస్సు హారన్ వినబడ్డాకే పొయ్యి ముట్టిస్తుంది.

వాడికి తలసేమియా అని ఆరో ఏట, 2009 వానకాలంలో తెలిసింది. ఒంట్లో రక్తం నిలవదు, ఒకరిదో ఇంకొకరిదో ఎక్కిస్తూ ఉండాలి. ఎక్కించేకొద్దీ ఇనుము పేరుకుంటుంది, ఆ గోళీ దానికే. సాయవ్వ భర్త రాజన్న ఆమెకు మేనత్త కొడుకు. మీ ఇద్దరిలో సగం సగం దాగి ఉన్నది పిల్లవాడిలో నిండుగా బయటపడిందని డాక్టరు చెప్పాడు. ఆ మాట ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

రాజన్న మస్కట్ పోయాక, మూడు వారాలకోసారి కొడుకును తీసుకుని మొదటి బస్సులో కామారెడ్డి, అక్కడ రైలెక్కి పట్నం పోవడం ఆమె వంతయింది. రెండో తరగతితో బడి మానేసిన మనిషి. చీటి రాసిపెట్టమని అందరినీ బతిమాలలేక, రక్తం చీటి మీద కొడుకు పేరు రాయడం నేర్చుకుంది. తన సంతకం కాక ఆమెకు రాయవచ్చిన మాట అదొక్కటే. చివరి అక్షరం దగ్గర చెయ్యి ఆగిపోయేది. వెనక వరుసలోవాళ్లు విసుక్కుంటే వాడే అడ్డం తిరిగేవాడు. "ఆగుండ్రి, మా అవ్వ మంచిగ రాస్తది."

ఎక్కించే రక్తం ఎవరిదో దవాఖానావాళ్లు చెప్పరు. వాడే ఊహించుకునేవాడు. "ఈసారి పోలీసోనిది ఎక్కింది, నన్ను కొట్టకే అవ్వా." పెదనాన్న హన్మండ్లు నాలుగుసార్లు రక్తమిచ్చాడని తెలిశాక, వారం రోజులు ఇంట్లో మీసం తిప్పుతూ తిరిగాడు. "పెద్దబాపుది ఎక్కింది, ఇగ నాకు గూడ కోపమొస్తది." హన్మండ్లు పైకి కసిరి, పక్కకు తిరిగి నవ్వుకున్నాడు.

వాడు పోయిన ఏడే, భాద్రపదంలో రేఖ వచ్చింది. ఎల్లారెడ్డి అవతల తండా పిల్ల. కామారెడ్డిలో చదువుకుని, పట్నంలో రక్తపు జబ్బుల మీద పరిశోధన చేసే కేంద్రంలో పనిచేస్తున్నది. సిద్దార్థ రక్తం కొంచెం ఆ కేంద్రంలో ఇంకా ఉందని చెప్పింది. మొదటిరోజు పరీక్షకు తీసినదానిలో మిగిలినది మంచుపెట్టెలో దాచారట. తండ్రి సంతకం ఉంది గానీ అడగవలసిన తీరులో అడగలేదని, అందుకే ఇప్పుడు ఇల్లిల్లూ తిరిగి మళ్లీ అడుగుతున్నామని చెప్పింది.

సాయవ్వ అడిగిన మొదటి మాట, దాన్ని ఇంటికి తెచ్చుకోవచ్చా అని. బయటికి తీస్తే నిలవదని రేఖ మెల్లగా చెప్పింది.

"వానికి ఎక్కిచ్చింది అందరి రక్తమాయె. మీ దగ్గరున్న దాంట్ల వానిదేది, మందిదేది?"

"ఎక్కియ్యక ముందు తీసిందక్కా. అండ్ల ఎవ్వలదీ కలవలే. మొత్తం వానిదే."

సాయవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రేఖ మూడు దారులు చెప్పింది. వద్దంటే పారబోస్తారు. ఉంచమంటే రెండు తీర్లు. ఒకటి, పేరు పూర్తిగా తీసేసి నంబరు వేస్తారు. అప్పుడు ఆ ఇంటి సంగతి ఎవరికీ తెలియదు. అయితే అంత రక్తంలో అది ఎవరిదో ఇక ఎవరూ పట్టలేరు, రేపు తల్లి వచ్చి అడిగినా చూపలేరు. రెండోది, బయట నంబరే ఉంటుంది గానీ, పేరున్న కాగితం తాళమేసిన బీరువాలో ఉంటుంది. అది చూసేది ఇద్దరే. తల్లి ఎప్పుడు వద్దన్నా ఆ బొట్టు వెతికి తీసేస్తారు. తాళం ఉన్నా గుట్టు ఎన్నటికీ బయటపడదని మాత్రం తాను ఒట్టు వేయలేనని కూడా చెప్పింది.

"ఇయ్యాల సంతకం వద్దక్కా. ఇంట్ల మాట్లాడుకో. వద్దన్నా మేమేం అనుకోము." కాగితం చదివి వినిపించి, ఒక నకలు ఇచ్చి పోయింది. సాయవ్వ ముందు పెట్టిన ఏ కాగితం మీదా అంతకుముందు ఎవరూ అట్లా ఆగమనలేదు.

గద్దె మీద కూర్చున్న హన్మండ్లు అంతా విన్నాడు. పారబోయమని రాయించమన్నాడు. తన బిడ్డ అనిలకు మేనమామ కొడుకుతో పెళ్లి మాట నడుస్తున్నది. ఈ ఇంటి రక్తంలోనే ఉందట అని ఒక్కరన్నా చాలు, ఆ మాట ఊళ్లు దాటుతుంది.

"పోయినోడు పోయిండు. ఉన్నోళ్లను బజార్ల పెడ్తవా సాయవ్వా? నేనేమన్న పరాయోన్నా, చెయ్యి చాపి రక్తమిచ్చినోన్ని."

పరాయివాడైతే ఆమె ఏదో ఒకటి అనగలిగేది.

ఫోన్లో చెబితే రాజన్న ముందు తన సంతకం సంగతే ఎత్తాడు. "కాయిదం పెట్టిండ్రు, సంతకం పెట్టిన. ఏం రాసుందో ఎవ్వలు చెప్పలే. పిలగాడు నా ఒళ్లె వాలిపోయిండు, నేనేం అడుగుత." నీకెట్లా మంచిదనిపిస్తే అట్లా చెయ్యి, రేఖ అడిగితే నేను కూడా అదే చెబుతానన్నాడు.

పారబోయమనడానికి ఆమెకు నోరు రాదు. పేరు తీసేస్తే హన్మండ్లు ఊరుకుంటాడు, ఇంటికి చెడ్డ మాట రాదు. కానీ అంత మంచులో వాడు ఎక్కడున్నాడో తల్లికి కూడా తెలియకుండా పోతాడు. తప్పిపోయిన పిల్లవాడిలాగా.

పది రోజుల తర్వాత ఆమె మొదటి బస్సు ఎక్కింది. వాడు పోయాక ఆ బస్సెక్కడం అదే మొదలు. వాడు కూర్చునే కిటికీ పక్క సీటు వదిలి ఇవతల కూర్చుంది. కండక్టరు జరగమన్నాక జరిగింది.

రేఖ చెప్పినట్టే కామారెడ్డి బస్టాండు దగ్గర ఒక చిన్న గదిలో కూర్చుని ఉంది. ఈ జబ్బు ఇంకా ఎవరెవరిలో దాగి ఉండొచ్చో చూసేందుకు, వంశవృక్షం గీయడానికి తెల్లకాగితం తీసింది. సాయవ్వ ఆ కాగితం మీద చెయ్యి పెట్టింది.

"మా బావ ఇల్లు అండ్ల గియ్యకు బిడ్డా. ఆయన వద్దన్నడు. ఆయన సంగతి ఆయననే అడగాలె."

"నిజమే అక్కా. గియ్యను."

"మా పిలగానిది ఉంచుండ్రి. బీరువల పేరుతోని."

రేఖ రాజన్నకు ఫోన్ చేసి, ఆయన నోట కూడా ఆ మాట విన్నది. పేరు తాను రాస్తానని పెన్ను తీసుకోబోయింది. సాయవ్వ పెన్ను వదల్లేదు. నాకొస్తదన్నది. తొమ్మిది నెలల తర్వాత రాయడం, మొదటి అక్షరమే వంకర పోయింది. చివరి దాని దగ్గర చెయ్యి ఆగింది. వెనక ఎవరూ లేరు, విసుక్కునేవాళ్లూ లేరు, అడ్డం తిరిగేవాడూ లేడు. తీరిగ్గా రాసింది. రేఖ కవరులో పెట్టి అంటించేదాకా చూసి లేచింది.

ఇంటికొచ్చి హన్మండ్లుకు ఉన్నదున్నట్టు చెప్పింది. నీ ఇల్లు అందులో లేదు బావా అన్నది. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నాలుగు రోజులు ఈ వాకిలి తొక్కలేదు.

అంతలో పెత్తరమాస వచ్చింది. పోయినవాళ్ల పేరున అయ్యగారికి బియ్యమిచ్చే రోజు. ఈసారి మూడు వంతులు చెయ్యమని అత్త ముందురోజే చెప్పింది. మామకు ఒకటి, మామ తల్లికి ఒకటి, పిల్లగానికి ఒకటి. "బియ్యమిస్తే వాడు నిమ్మలంగ పోతడే" అన్నది.

సాయవ్వ పొద్దున్నే చాట ముందు కూర్చుంది. రాళ్లేరి, విస్తరిలో బియ్యం పోసి, పప్పు, చింతపండు, గుమ్మడికాయ ముక్క పెట్టింది. రెండో విస్తరీ అట్లానే నింపింది. కొడుకు పేరున మూడోది పరిచింది. మలుపులో బస్సు హారన్ కొట్టింది.

"అయిందా?" లోపలి నుంచి అత్త అడిగింది.

"రెండు అయినయ్ అత్తా."

మూడో వంతు బియ్యం రాళ్లు ఏరకుండానే చాటలో ఉంచి, ఆమె పొయ్యి ముట్టించడానికి లేచింది.