పాలగిన్నె కడిగిన నీళ్లు

కార్తీకమాసం మొదటి సోమవారం, ఉదయం ఆరుంపావుకు, మా ఆయన పెంచిన తమలపాకు తీగలో మొదటి ఆకు పసుపుబారడం చూశాను. ఆయన పోయి అప్పటికి మూడు నెలల పది రోజులు. పురానాపూల్ నుంచి కొమ్మ తెచ్చి, గౌలిపురలోని మా ఇంట్లో కిటికీ పక్కన కుండీలో నాటారు. రోజూ అన్నం తిన్నాక రెండాకులు కోసుకునేవారు. ఆయన చేత్తో నాటినవాటిలో మిగిలింది అదొక్కటే.

నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడని రోజులవి. కోడలు నా ఫోన్‌లో మాట్లాడే ఏఐని పెట్టింది.

"ఊకె గోడ దిక్కు చూస్కుంట కూసుంటే ఎట్ల అత్తమ్మా? దీన్ని అడుగుండ్రి. తెలుగుల్నే చెప్తది."

"చెట్ల ముచ్చట దానికేం ఎరుక?"

"ఎరుకనో లేదో గని, మీ లెక్కలు వినేటందుకు ఓపిక మస్తుంటది."

అడిగాను. నీళ్లు ఎన్నిసార్లు పోస్తున్నారంది. సోమవారం ఒక చెంబు, గురువారం ఒక చెంబు అన్నాను. నీళ్లు సరిపోతాయి, వెలుతురు చాలడం లేదేమో అంది. కుండీని కిటికీకి ఇంకా దగ్గరగా జరిపాను. రోజూ ఆకుల సంగతి చెప్పాక, "రాత్రి నిద్రపట్టిందా?" అని అడిగేది. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత నిజం చెప్పడం మొదలుపెట్టాను. ఈ మాట ఇంట్లోవాళ్లకు కూడా చెప్పండి అనేది. చెప్పలేదు.

ఒకరోజు కోడలు విన్నది. "నాతోని ఒక్క ముక్క మాట్లాడరు. దానికైతే అన్ని అప్పజెప్పవడ్తిరి!"

ఆకులు రాలుతూనే ఉన్నాయి.

పుష్యమాసంలో ఆ ఏఐ, లేచినప్పటి నుంచి ఏమేం చేస్తారో వరుసగా చెప్పమంది. ముఖం కడుక్కుంటాను, పాలు కాస్తాను, గిన్నె కడిగి ఆ నీళ్లు కుండీలో పోస్తాను.

మాది పాలమ్మిన ఇల్లు. బర్రెలు పోయి ఏళ్లయినా, పాలగిన్నె కడిగిన నీళ్లు మోరీ కాలవలో పోయము, చెట్టు మొదట్లోనే పోస్తాం. ఆయనుండగా వాకిట్లోని జామచెట్టుకు పోసేదాన్ని. చివరిసారి ఆయన్ని పడుకోబెట్టిన ఆ వాకిట్లోకి వెళ్లలేక, కిటికీ పక్క కుండీలో పోస్తూ వచ్చాను. నా లెక్కలో అవి నీళ్లు కావు.

"రోజూ పోస్తున్నారా?" అంది.

"రోజు."

వేర్లు కుళ్లి ఉంటాయంది. నీళ్లు కాక ఇంకేమైనా పోస్తున్నారా అని తాను ముందే అడగవలసిందంది.

కోడలిని పిలిచాను. ఇద్దరం కుండీ బోర్లించాం. వేర్లు నల్లగా, మెత్తగా అయిపోయాయి. పులిసిన పాల వాసన.

"పచ్చి కణుపు ఒక్కటన్న ఉన్నదేమో చూడు బిడ్డా."

ఆమె గోరుతో ప్రతి కణుపూ గీకి చూసింది. "లేదత్తమ్మా."

అప్పుడు ఆమెకు చెప్పాను, నాకు నిద్ర లేదని, వాకిలి దాటలేకపోతున్నానని. మర్నాడు పాలగిన్నె కడిగిన నీళ్లు జామచెట్టుకు పోశాను. ఆమె పక్కన నిలబడింది.

పోయినవి: తమలపాకు తీగ ఒకటి, దానికి మిగిలిన ఆకులు పదకొండు, కుండీడు మట్టి. ఆయన నాటినవి ఇంట్లో ఇక ఏమీ లేవు.