అప్పలసూరి లేత్ ముందు తవ్విన గుంట

2023 వేసవి. విజయనగరంలో నాన్న పెట్టిన పనిముట్ల షాపును నేను చూసుకోవడం మొదలుపెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. అయినా కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోంచి తొంగి చూసి, "అయ్యగారు లేరా అమ్మా?" అనే అడుగుతారు. "నేనే అయ్యగారిని, చెప్పండి" అంటాను. సగం మంది నవ్వుతారు. మిగతా సగం డ్రిల్ బిట్ల సైజులు అడిగి నాకు పరీక్ష పెడతారు. ఆ పరీక్షల్లో నేను ఇంతవరకూ తప్పలేదు.

అప్పలసూరి పరీక్ష పెట్టలేదు. యాభై దాటిన మనిషి, అరసవల్లి నుంచి భార్య పారమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. కుడి చేతిని భుజం మీది తువ్వాలు కింద దాచుకుని, ఎడమ చేత్తో సంచిలోంచి ఒక చెక్క కూజా తీసి కౌంటర్ మీద పెట్టాడు. పనస చెక్క. మూతి రెండు వేళ్ళు పట్టేంత, కడుపు కొబ్బరిబోండం అంత. ఎత్తి చూస్తే బరువే లేదు, గోడ అంత పల్చగా తొలిచాడు. లేత్ పనిముట్లు అమ్మడమే గానీ అలాంటి పనిని చేతుల్లోకి తీసుకోవడం నాకు అదే మొదలు.

"ఇది సేసినప్పుడు సెయ్యి బాగుండేదమ్మా" అని తువ్వాలు పక్కకు తీశాడు. మణికట్టు మీద పొడుగ్గా కుట్ల మచ్చ. లోపల స్టీలు ప్లేటు వేశారట.

లేత్ అంటే చెక్కను గిరగిరా తిప్పే యంత్రం. తిరిగే చెక్కకు ఉలి ఆనిస్తే అది గుండ్రంగా చెక్కుకుంటూ పోతుంది. బయటి పని కంటితో చూసుకుంటూ చేయొచ్చు. కూజా లోపల అలా కుదరదు. ఇరుకు మూతిలోంచి పొడుగాటి ఇనపకడ్డీ దూర్చి, దాని కొన కనపడకుండానే లోపలంతా తొలవాలి. దీన్నే హాలోయింగ్ అంటారు. కొన ఎక్కడైనా చెక్కను పట్టేసిందంటే కడ్డీ చేతిలో ఒక్కసారిగా మెలితిరుగుతుంది. అప్పలసూరి మణికట్టు విరిగింది అలాగే.

"పని సెయ్యొచ్చన్నాడు డాక్టరు. జెర్కు మాత్రం తగలకూడదన్నాడు. జెర్కు రాని పనిముట్టు ఉన్నాదంట గదా?"

"లేకపోయినా ఉన్నాదనే సెప్తాది, అమ్ముకోవాల గదా" అంది పారమ్మ నా మొహం మీదే. "లేత్ తిప్పే బెల్టు పీకేసి బియ్యం డబ్బాలో దాసీసినాను. ఈసారి సెయ్యిరిగితే ముద్దలెవరు పెడతారు, నువ్వొచ్చి పెడతావేటి?"

నాకు ఒళ్ళు మండాల్సిన మాటే. మండలేదు. ఎముక విరిగిన చప్పుడు ఆవిడకు వంటింట్లోకి వినపడిందట. అది విన్న చెవులతో ఎవరు మాత్రం మెత్తగా మాట్లాడతారు?

"ఇది కుదరకపోతే లేత్ అమ్మీసి విశాఖపట్నంలో ఏదో అపార్టుమెంటు గేటు కాడ కూసోడమే" అన్నాడతను, ఎటో చూస్తూ.

మూడు పనిముట్లు ముందు పెట్టాను. మొదటిది మోచేతికి ఆనుకునే పట్టీ ఉన్న కడ్డీ. మణికట్టుకు ఊరటే గానీ కుదుపు మోచేతికి వెళ్తుంది, అది వద్దన్నాను. రెండోది కడ్డీని వెనకనుంచి చట్రంలో బంధించేది. మెలి రాదు, కాకపోతే లేత్ వెనక పొడుగాటి చోటు కావాలి, అంత చోటు వాళ్ళ షెడ్డులో లేదట. మూడోది ఆర్టిక్యులేటెడ్ ఆర్మ్. భుజం, మోచేయి లాంటి కీళ్ళున్న ఇనపచెయ్యి. దాని మొదలును లేత్ బెడ్‌కు, అంటే యంత్రం కింది పట్టాలకు, బోల్టులతో బిగిస్తారు. చెక్క మెలితిప్పితే ఆ బరువంతా కీళ్ళు మోస్తాయి. మన చెయ్యి దారి చూపిస్తే చాలు.

మూడోదే తీసుకోమన్నాను. పట్టాల మధ్య సందెంత, బెడ్ నుంచి చెక్క నడిమధ్యకు ఎత్తెంత, ఎంత లోతు తొలవాలి, అన్నీ అతను ఇంటికెళ్ళాక ఫోన్లో అడిగి రాసుకున్నాను. అతను నూలుపోగంత తేడా లేకుండా చెప్పాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను. సరుకు వచ్చింది, తీసుకెళ్ళాడు.

వారానికి ఫోను. "అమ్మా, నువ్వొకసారి రావాల. ఇది తిరగట్లేదు."

బోల్టు తిరగేసి బిగించి ఉంటాడనుకున్నాను. ఆదివారం షాపు మూసి బస్సెక్కాను. ఆదివారం అరసవల్లిలో గుడికొచ్చే జనం, ఆటోల మధ్య వాళ్ళ సందు దొరికేసరికి నా ఓపిక సగం హరించుకుపోయింది. షెడ్డులోకి అడుగుపెట్టి అలాగే నిలబడిపోయాను.

లేత్ నేల మీద ఉంది. దాని ముందు పీట. అప్పలసూరి ఆ పీట మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఇనపచేతిని పక్కకు తిప్పి చూపించాడు. దాని మోచేయి నేరుగా వచ్చి అతని మోకాలికి తగిలి ఆగిపోయింది.

అతను కూర్చుని పని చేస్తాడు. వాళ్ళ నాన్నా అంతే. కాలివేళ్ళతో కడ్డీని నొక్కిపట్టి తొలిచే పని అది. మా వైపు లేత్ పనివాళ్ళు చాలామంది నేల మీదే కూర్చుంటారని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ ఇనపచెయ్యి చేసినవాళ్ళు మాత్రం నిలబడే మనిషిని ఊహించుకుని చేశారు. కేటలాగులో అందరూ నిలబడే ఉంటారు. యంత్రం కొలతలన్నీ అడిగిన నేను, పనిలో మనిషి ఎలా ఉంటాడో అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"లేత్‌ని బల్ల మీదికి ఎక్కిద్దాం" అన్నాను.

"ఎక్కించి సూసినానమ్మా. పారమ్మ బజారుకెళ్ళినప్పుడు సైకిలు ట్యూబు కోసి బెల్టు కట్టినాను." గోడకు చిల్లు పడ్డ కూజా ఒకటి చూపించాడు. "నిలబడితే నాకు సెక్క ఇనపడదు. గోడ పల్చనయ్యే కొద్దీ సప్పుడు మారతాది. సెవి దాని పక్కనుండాల."

"ఆ ట్యూబు ముక్క కూడా డబ్బాలోకి పోయినాది" అంది పారమ్మ గుమ్మంలోంచి.

ఇనపచేతిని వెనక్కి తీసుకుపోతానని చెప్పాను. అతను ఎడమ చేత్తో లేత్ మీది పొట్టు తుడుస్తూ కూర్చున్నాడు. పనిముట్లు అమ్మే బతుకులో అంత కష్టమైన నిమిషం నాకు మరొకటి లేదు.

పారమ్మ మజ్జిగ గ్లాసు నా చేతికిచ్చి, ఇనపచేతిని కాసేపు చూసింది.

"ఇది ఎటు తిరగాల?"

పీట పైన గాలిలో చేత్తో గీసి చూపించాను.

"సెక్కని పైకెత్తడమెందుకు? మడిసి కాళ్ళు కిందకి దించితే పోదా?"

పారమ్మది పొందూరు వైపు నేతకుటుంబం. వాళ్ళ నాన్న మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నేసేవాడు. "గుంట గట్టు మీద కూసుంటే మోకాళ్ళు అడ్డు రావు, సెవీ సెక్క కాడే ఉంటాది" అంది, తేలిగ్గా. ఇంజనీర్లకూ నాకూ తట్టనిది ఆవిడకు మజ్జిగ కలిపినంతసేపట్లో తట్టింది.

తర్వాతి ఆదివారం నేను మళ్ళీ వెళ్ళేసరికి లేత్ ముందు గుంట సిద్ధంగా ఉంది. అంచులకు సిమెంటు పూశారు. పారమ్మ బియ్యం డబ్బాలోంచి బెల్టు తీసి, తవుడు దులిపి మొగుడి చేతికిచ్చింది. అతను బెల్టు ఎక్కించి, గుంటలోకి దిగబోయాడు.

"ఆగు. ముందు నేను."

పైట నడుముకు బిగించి, గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంది. ఇనపచేతి పిడి కుడి చేత్తో పట్టుకుంది. నేను వద్దనబోయాను, అప్పలసూరి కళ్ళతోనే నన్ను ఆపాడు. మోటారు నెమ్మది మీద పెట్టి, ఆమె వెనక కూర్చుని, కడ్డీ ఎటు తోయాలో చెప్పాడు. పొట్టు రాలడం మొదలైంది. ఒకచోట కొన బుడిపెకు తగిలి టక్కుమని పట్టేసింది. కీళ్ళు కటకటమన్నాయి. చెక్క ఆగిపోయింది.

పారమ్మ మోటారు ఆపమంది. తన మణికట్టు ఇటూ అటూ తిప్పి చూసుకుంది. వేళ్ళు ముడిచి తెరిచింది.

"నా సేతికి జెర్కేటీ రాలేదు" అంది. లేచి, గట్టు మీద చోటు ఇచ్చింది. "రా బావా, కూసో."

అప్పలసూరి తువ్వాలు తీసి మేకుకు తగిలించి, గుంటలోకి దిగాడు.

ఇప్పుడు మా షాపుకు ఎవరు లేత్ పనిముట్టు కోసం వచ్చినా నా మొదటి ప్రశ్న, "కూర్చుని చేస్తారా, నిలబడి చేస్తారా?" నవ్వేవాళ్ళు నవ్వుతారు. రెండోది, "మీ పనికి భయపడేవాళ్ళు ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" ఉన్నారంటే, వాళ్ళనూ తీసుకురమ్మంటాను. పనిముట్టు ముందు వాళ్ళ చేతికే ఇస్తాను.