పాలిష్‌లో పోయిన కాడ

మొన్న ఇక్కడ గల్ఫ్‌లో, మా ఊళ్ళోని అల్ సద్ పేటలో పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుంటే, రిసెప్షన్ బల్ల మీది రాయి అద్దంలా మెరుస్తోంది. దాన్ని చూడగానే మా పిన్ని గుర్తొచ్చి, పంటి నొప్పి కాసేపు మరిచిపోయాను.

పిన్ని బోటనీ లెక్చరరుగా రిటైరై, విజిట్ వీసా మీద మా ఇంటికొస్తూ ఆవకాయతో పాటు ఒక రాయి తెచ్చింది. మధ్యప్రదేశ్ చేలల్లో ఏరిన నల్లరాయి. డైనోసార్ల కాలం నాటి మొక్క ఒకటి అందులో రాయైపోయి ఉందట. ఆ జాతి ఎప్పుడో అంతరించింది. దాని పువ్వులు ఒకచోట, కాయలు ఒకచోట దొరికాయిగానీ, రెండూ ఒకే మొక్కవని తేల్చాలంటే ఒకే కాడకి రెండూ కనిపించాలి. అలాంటి రాయి ఎవరికీ దొరకలేదు. తన రాయిలో అది ఉందని పిన్ని నమ్మకం. కానీ ఏళ్ళ తరబడి కోయడానికి చేతులు రాలేదు. బ్లేడు కాస్త పక్కకి జరిగితే ఉన్నదీ పోతుంది. మా ఆయన అల్ రయ్యాన్‌లో మార్బుల్ కోసే వర్క్‌షాపులో ఫోర్‌మన్. ఆయన చేతి మీద పిన్నికి గురి.

ఆయన డ్యూటీ అయ్యే వేళకి వెళ్ళాం. నీళ్ళు చిమ్ముతూ బ్లేడు దిగుతుంటే పిన్ని నా మణికట్టు పట్టుకుంది. గాజులు గుచ్చుకుంటున్నా నేను కదల్లేదు. రాయి రెండు చెక్కలైంది. పిన్ని వంగి చూసి, "ఒసేయ్, ఉందే! పువ్వూ కాయా ఒకే కాడకే!" అని ఏడ్చేసింది. నేనూ చూశాను. భూతద్దం, ఫోన్లు కారులోనే ఉండిపోయాయని ఇద్దరం పరిగెత్తాం.

తిరిగొచ్చేసరికి పాలిష్ మెషీన్ చప్పుడు. కోసిన రాయిని గరుకుగా వదిలితే మా ఆయనకి అన్నం సహించదు. "చూడండత్తయ్యా, ఇప్పుడు లోపలిదంతా శుభ్రంగా కనబడుద్ది" అన్నారు సంబరంగా. పిన్ని భూతద్దం పెట్టింది. కాయ ఉంది. పువ్వు లేదు, కాడా లేదు.

"రెండో చెక్కేదండీ?" అని అరిచాను. ముక్కల డబ్బాలో పడేశారట. ఆ డబ్బా అప్పటికే లారీలోకి లేస్తోంది. "రుకో! రుకో భాయ్!" అంటూ మా ఆయన లారీకి అడ్డం పడ్డారు. ముక్కల గుట్టలో ముగ్గురం చేతులు గీరుకుపోయేలా వెతికాక దొరికింది. దాని మీద పువ్వుంది, రేకులతో సహా. కాడ ఉండాల్సిన చోట మాత్రం పెచ్చు లేచిపోయింది.

పిన్ని రెండు చెక్కల్నీ దగ్గర పెట్టింది. మధ్యలో బియ్యపు గింజంత సందు. మా ఆయన తల పట్టుకుని కింద చతికిలబడ్డారు. ఆయన్ని చూస్తే నాకు కోపమూ జాలీ ఒక్కసారే వచ్చాయి.

"ఊరుకోండి బాబూ, నేను కళ్ళారా చూశాను" అంది పిన్ని. మళ్ళీ ఆ సందుకేసే చూస్తూ, "చూశానంటే ఎవరు నమ్ముతారే?" అని నన్నడిగింది.

భూమ్మీద ఆ కాడని చూసినవాళ్ళం మేమిద్దరమే. కోట్ల ఏళ్ళు చీకట్లో కాచుకున్న దానికి, మేం కారు దాకా వెళ్ళొచ్చేంతసేపే వెలుతురు దక్కింది.