మోగని గాజు

బజారులో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. అందరికీ ఆవిడ చెవి అత్తే. నగల కొట్ల వరసలో చివరి కొట్టు వెనక, రెండు కుర్చీలూ ఒక బల్లా పట్టే గదిలో కూర్చుని, జనం తెచ్చిన జేడ్ గాజు, అంటే ఆకుపచ్చ రాయి తొలిచి చేసిన గాజు, మంచిదో కాదో చెప్పడం ఆవిడ పని. ముప్పై నాలుగేళ్ళుగా అదే కిటికీ, అదే కుర్చీ. కుర్చీకి మాత్రం మూడుసార్లు కాళ్ళు మార్చారు.

జేడ్‌లో మోసాలు రకరకాలు. సీసా పెంకులు కరిగించి పచ్చగా పోతపోసినవాటిని పట్టుకోవడానికి చెవి అత్త అక్కర్లేదు. చేతిలో పెట్టుకోగానే వెచ్చబడిపోతాయి, లోపల బుడగలు కనిపిస్తాయి. రంగు పట్టించినవి భూతద్దం కింద దొరికిపోతాయి, పచ్చదనమంతా సన్నటి పగుళ్ళలో చేరి కూర్చుంటుంది. తలనొప్పంతా ఇంకో రకంతోనే. అదీ జేడే. మచ్చలున్న నాసిరకం రాయిని యాసిడ్‌లో నానబెట్టి, మచ్చలు పోయాక మిగిలిన సందుల్లో జిగురు ఎక్కిస్తారు. కొత్తలో కళ్ళు చెదిరేలా ఉంటుంది. నాలుగేళ్ళు తిరిగేసరికి జిగురు పసుపెక్కి, కొన్నవాళ్ళ మొహం పాలిపోతుంది.

దాన్ని చెవి అత్త చెవితో పట్టుకునేది. గాజుని దారానికి వేలాడదీసి, చిటికెన వేలంత జేడ్ పుల్లతో మెల్లిగా తట్టేది. మంచి రాయి సన్నగా, పొడుగ్గా మోగుతుంది. జిగురు తాగిన రాయి టక్‌మని నోరు మూసుకుంటుంది. మోగితేనే భూతద్దం తీసేది, నీలి టార్చి వేసేది, అన్నీ సరిగ్గా ఉంటే గాజుకి ఎర్రదారం కట్టి ఇచ్చేది. మోగకపోతే అక్కడికక్కడే వెనక్కి ఇచ్చేసేది.

"మోగని గాజుని నేను రెండోసారి చూడను" అనేది. ఆ మాట చెప్పుకోవడం ఆవిడకి మహా ఇష్టం. బజారంతా ఆ మాటకి తల ఊపేది కాబట్టి, అందులో తప్పేముందని ఎవరికీ తోచలేదు.

ఈ మధ్య నాలుగు నెలలుగా ఆవిడ దగ్గరికి వచ్చిన గాజుల్లో ఒక్కటంటే ఒక్కటి సరిగ్గా మోగడం లేదు. ఎర్రదారం ఉండ తగ్గడమే మానేసింది. లోకమంతా జిగురుమయం అయిపోయిందని ఆవిడ రోజూ తిట్టిపోసేది.

"ఇలాగైతే ఎలా అత్తా, ఈ కొట్లో మీరూ నేనూ తప్ప అసలు సరుకు మిగిలేలా లేదు" అన్నాడు కొట్టు యజమాని ఒకరోజు. నవ్వుతూనే అన్నాడు. కానీ ఆవిడ తిరస్కరించిన గాజుల్ని అతను ఊరి అవతల మిషన్లో పరీక్ష చేయించుకొస్తున్నాడని ఆవిడకి తెలియదు. పెద్దావిడ మొహం మీద ఎలా చెప్పాలో తెలియక, చెప్పకుండా ఊరుకున్నాడు.

ఆవిడకి మొదట భయం వేసింది వంటగదిలో. పొద్దున్న కూరగాయలు తరుగుతుంటే చెల్లెలు తడిచేతులతో పరిగెత్తుకొచ్చి, బల్లమీదున్న ఫోను నొక్కింది.

"ఏంటక్కా, అలారం గొంతు చించుకుంటోంది, పక్కనే కూర్చుని కత్తి ఆడిస్తున్నావు."

"మోగలేదు."

చెల్లెలు ఏదో అనబోయి ఆగింది. ఈ చెల్లెలు ఆగడమన్నది ఇంట్లో ఎప్పుడూ జరగని పని. తరవాత మెల్లిగా అంది. "నాన్నకీ ఇలాగే మొదలైంది. మన మాటలన్నీ వినేవాడు. సైకిల్ బెల్లు వినేవాడు కాదు. సన్నటి చప్పుళ్ళే ముందు పోతాయన్నాడు డాక్టరు."

ఆవిడ చేతిలో కత్తి ఆగిపోయింది. గాజు మోత కన్నా సన్నటి చప్పుడు ఇంకేముంది?

"సబ్బు తీసుకురా" అంది.

ఆవిడ ఎడమచేతికి వాళ్ళమ్మ గాజు ఉంది. పెళ్ళికి ముందు తొడుక్కున్నది. తరవాత చెయ్యి లావెక్కి, అది మణికట్టు దాటి రావడం మానేసింది. ఆ గాజు మోతతోనే అమ్మ ఆవిడకి ఈ విద్య నేర్పింది. ఆ రాయిని అనుమానిస్తే అమ్మనే అనుమానించాలి. చేతికి ప్లాస్టిక్ కవరు తొడిగి, సబ్బు నురగ పట్టించి, చెల్లెలు కాలు గోడకి తన్నిపెట్టి లాగింది.

"ఎముకలు మిగల్చవే."

"ఆ లావంతా నేను పెట్టిందే కదా, నేనే లాగుతాను" అంటూ చెల్లెలు మళ్ళీ లాగింది. బొటనవేలి దగ్గర చర్మం ఎర్రగా కమిలింది. గాజు ఒక్కసారిగా ఊడి, చెల్లెలు వెల్లకిలా పడింది. ఇంకో రోజైతే ఇద్దరూ నవ్వి నవ్వి చచ్చేవాళ్ళు.

కడిగి, తుడిచి, దారానికి వేలాడదీసింది. పుల్లతో తట్టింది. టక్‌మంది. ఇంకొంచెం గట్టిగా తట్టింది. మళ్ళీ టక్కే. ఆవిడ తలెత్తి చూసేసరికి చెల్లెలు కళ్ళు మూసుకుని ఉంది, మొహం మెత్తబడి.

"అచ్చం అమ్మ తట్టినట్టే ఉందక్కా. ఇంకా మోగుతూనే ఉంది."

ఆవిడకి గదంతా నిశ్శబ్దంగా ఉంది. అమ్మ గాజు తప్పు కాదు. అంటే ఈ నాలుగు నెలలూ వెనక్కి ఇచ్చేసిన గాజుల్లో ఎన్ని మంచివో. కొట్లవాళ్ళకి మిషన్లున్నాయి, వాళ్ళు ఆవిడ మాట మీదే బతకరు. కానీ ఒక్క మనిషి ఉంది, ఆవిడ మాట తప్ప ఇంకేదీ నమ్మని మనిషి.

రెండు వీధుల అవతల బట్టలు కుట్టే అమ్మాయి. మూడు నెలల కిందట తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. తమ్ముడు బస్సులు బాగుచేసే మెకానిక్కు. చిన్నప్పటినుంచీ అక్క కుట్టిన కూలితో చదువుకున్నవాడు. రెండేళ్ళు సెలవు రోజుల్లో కూడా పనిచేసి అక్కకి గాజు కొన్నాడు. అక్కే ముచ్చటపడి, ఎర్రదారం కట్టించుకుందామని చెవి అత్త దగ్గరికి తీసుకొచ్చింది. ఆవిడ ఒకసారి తట్టి, "జిగురు రాయి. ఊరికే వచ్చే రకం" అనేసింది, ఇద్దరి ఎదుటా. అక్క తమ్ముడి మొహంలోకి చూసింది. "ఎంతకి కొన్నానని చెప్పావు నాకు?" అని మాత్రం అడిగింది. కుర్రాడు గుమ్మం దిగి వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ వాడు అక్క ఇంటి గడప తొక్కలేదని బజారులో అనుకుంటుంటే ఆవిడే విని, "అబద్ధం చెప్తే అంతే" అంది.

"ఇవాళే వెళ్ళాలా?" అంది చెల్లెలు. "చెప్తే నీ కుర్చీ పోతుంది."

"పోతుంది" అంది ఆవిడ. చెప్పకుండా ఊరుకుంటే ఎవరికీ తెలియదని కూడా ఆవిడకి తెలుసు. ఆవిడకి అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది ఆ ఊరుకోవడం ఎంత తేలికో తెలిసినప్పుడు. ఆ అమ్మాయి కోపంలో గాజుని ఏ సుత్తితోనో పగలగొట్టి ఉంటే? అమ్మేసి ఉంటే? భూతద్దం, నీలి టార్చి, పుల్ల సంచిలో వేసుకుని బయల్దేరింది. రోడ్డు దాటుతుంటే ఒక సైకిలు ఒంటిని రాసుకుంటూ పోయింది. వాడు వెనక్కి తిరిగి తిట్టాడు, బెల్లు కొడుతూనే ఉన్నాడట.

కుట్టే అమ్మాయి గది మేడమీద. ఇరవై రెండు మెట్లు. తలుపు తీసే ఉంది. నేలంతా గుడ్డముక్కలు, గోడకి వేలాడుతున్న సగం కుట్టిన జాకెట్లు, మిషను మీద వంగి ఆ అమ్మాయి.

"అత్తా, మీరేంటి ఇంత దూరం? కూర్చోండి. ఏమైనా కుట్టాలా?"

"ఆ గాజు ఉందా అమ్మా?"

"అదా, ఎక్కడికి పోతుంది" అంటూ ఆ అమ్మాయి బల్లమీది గుడ్డ ఎత్తింది. గాజు దానికింద ఉంది, ఒళ్ళంతా సుద్దపొడితో. "మెడలకి గుండ్రాలు గీసుకుంటున్నాను. కొలత బాగా కుదిరింది."

ఆవిడ దాన్ని కొంగుతో తుడిచింది. అరచేతిలో అది చల్లగా ఉంది, ఎంతసేపు పట్టుకున్నా చల్లగానే ఉంది. భూతద్దం పెట్టి అంగుళం అంగుళం తిప్పి చూసింది. యాసిడ్ తిన్న గీతలు లేవు. కిటికీ మూయించి నీలి టార్చి వేసింది. బల్లమీది తెల్లగుడ్డ, దారప్పోగులు భగ్గున వెలిగాయి. మధ్యలో గాజు చీకటిగా ఉండిపోయింది. జిగురుంటే అదీ వెలిగేది. ఆ రోజు ఒక్క నిమిషం ఈ టార్చి వేసి ఉంటే ఇదంతా జరిగేదే కాదు.

"నేను చెప్పింది తప్పమ్మా. రాయి మంచిది. నా చెవి పోయింది. పోయిందని నాకు తెలియలేదు, నీ తమ్ముణ్ణి దొంగని చేశాను."

ఆ అమ్మాయి తిడుతుందని కాసుకుని కూర్చుంది. తిట్లు రాలేదు. ఆ అమ్మాయి గాజుని తీసుకుని, మిషను దారానికే కట్టి, కిటికీ కమ్మీకి వేలాడదీసింది.

"ఆ రోజు నాకు మోగినట్టే అనిపించింది అత్తా" అంది. "మీరు కాదన్నారు కదా. మీకన్నా నాకు బాగా వినిపిస్తుందా అనుకున్నా. మీ మాట నమ్మి వాణ్ణి చూసిన చూపు, దాన్ని ఎక్కడికని తీసుకెళ్ళి దిద్దుకోను?"

చెవి అత్త సంచిలోంచి పుల్ల తీసి బల్లమీద పెట్టింది.

ఆ అమ్మాయి ఫోను తీసి తమ్ముడి నంబరు నొక్కింది. ఎత్తలేదు. మళ్ళీ నొక్కింది. మూడోసారి ఎత్తాడని మొహం చూస్తే తెలిసింది. "నేనురా" అంది. నీళ్ళు నిండిన కళ్ళతో చెవి అత్త వైపు చూసి, ఫోనుని గాజు దగ్గర పెట్టి, తట్టమన్నట్టు తల ఊపింది.

ఆవిడ పుల్ల అందుకుని తట్టింది. టక్‌మంది, అంతే. గాజు దారానికి మెల్లిగా ఊగుతోంది. ఆ ఊగుతున్నదాని నుంచి ఏం వెళ్తోందో, అవతల వాడు ఏం వింటున్నాడో, ఫోను పెట్టేశాడో ఆవిడకి ఏమీ తెలియడం లేదు. ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి ఆవిడ గాజు వంక కాకుండా మనిషి వంక చూస్తూ కూర్చుంది. ఆ అమ్మాయి ఫోనుని చెవికి ఆనించుకుంది. చాలాసేపు వింది.

"ఏమంటున్నాడమ్మా?" అంది ఆవిడ.

"మళ్ళీ తట్టమంటున్నాడు అత్తా."